సముద్రం చూసినందుకు అద్దె

పోయిన నెల ఆష్లాండ్ లక్ష్మీ గుడిలో పులిహోర లైన్లో నిలబడి ఉండగా మా స్నేహితుడి మేనల్లుడు ఒకతను పలకరించి, ఫోను నా కళ్ళ ముందు పెట్టాడు. నేల నుంచి పైకప్పు దాకా అద్దం, అద్దం అవతల నీలంగా బోస్టన్ హార్బరు, ఆ నీళ్ళకి అవతల లోగాన్ లో దిగుతున్న విమానం.

"హార్బర్ వ్యూ అంకుల్! సీపోర్ట్ లో. ఎవరో ఖాళీ చేస్తున్నారు, సబ్‌లీజుకి చౌకగా ఇస్తున్నారు. మీరు ఒకప్పుడు అక్కడే ఉండేవారట కదా, కాగితాలు ఒకసారి చూసిపెడతారా?"

అతనిది పదకొండు మంది పనిచేసే కంపెనీ. తెలివైన కుర్రాడు, కష్టపడతాడు. లీజు చూశాను. చూసి, ఫోన్లో రెండు ముక్కలు చెప్పేస్తే సరిపోతుంది అనుకున్నాను. రెండు ముక్కల్లో తేలలేదు. నాకు తెలిసిన మన వాళ్ళలో ఇలాంటి ఫొటో చూసి మనసు పారేసుకున్న వాళ్ళు ఆరేడుగురు ఉన్నారు. అందులో నేనూ ఒకణ్ణి. అందుకని ఇది అందరూ చదివే చోటే రాస్తున్నాను. ఇందులో కోపం ఉంటుంది. ఆ కోపంలో సగం నా మీదే.

2016 దాకా మాది ఫ్రేమింగ్‌హామ్ లో రూట్ 9 పక్కన, పళ్ళ డాక్టరు ఆఫీసు పై అంతస్తు. కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాటు, దాని వెనక ఇంకో పార్కింగ్ లాటు. ముగ్గురం భాగస్వాములం, మొత్తం పదిహేడు మందిమి. ఇన్సూరెన్సు కంపెనీలకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే పని. చదరపు అడుగుకి ఏడాదికి 22 డాలర్ల అద్దె. పని బాగానే నడుస్తోంది. అప్పుడే ముగ్గురిలో ఒకాయన "ఇలా ఎంతకాలం గురూ, పళ్ళ డాక్టరు పైన?" అన్నాడు. అంతే, పురుగు తొలిచింది.

సీపోర్ట్ లో బ్రోకరు చూపించిన చోటు చదరపు అడుగు 62 డాలర్లు. కాగితం మీద మూడు వేల చదరపు అడుగులు. కొలిచి చూసుకుంటే మనం కుర్చీలు వేసుకోగలిగింది రెండు వేల అయిదు వందలకి కొంచెం తక్కువే. మిగతాది లిఫ్టు ముందు వరండా, లాబీ, మెట్లు, బాత్రూములు: అందరూ వాడుకునేవి, అందరి దగ్గరా వాటాలు వేసి వసూలు చేసేవి. దానిపైన బిల్డింగు ఆస్తి పన్నులో మన వాటా, ఇన్సూరెన్సులో మన వాటా, మంచు ఎత్తించడంలో మన వాటా. ఇంటావిడకి చెబితే, "అయితే ఇంటివాడు పెట్టేదేమిటి?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఆరోజు నవ్వేసి ఊరుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. మాది చిన్న కంపెనీ కనక ముగ్గురం వ్యక్తిగతంగా పూచీ ఇవ్వాలన్నారు. అంటే కంపెనీ మునిగితే అద్దె మా ఇళ్ళ మీదికి వస్తుంది. ముగ్గురం సంతకాలు పెట్టాం. పెన్ను కూడా వాళ్ళదే.

ఎందుకు పెట్టాం? పైకి చెప్పుకున్న కారణం క్లయింట్లు. మా క్లయింట్లు హార్ట్‌ఫర్డ్ లో ఉండేవారు. అయిదేళ్ళలో వాళ్ళు మా ఆఫీసుకి వచ్చింది మూడుసార్లు, అందులో ఒకసారి దారి తప్పి. అసలు కారణం ఫొటో. ఆ కిటికీ ముందు నిలబడి తీయించుకున్న ఫొటోని వైజాగ్ పంపించాను. వన్‌టౌన్ లో పాత పోస్టాఫీసు దగ్గర పెరిగిన వాణ్ణి, పోర్టులో గుమాస్తా కొడుకుని, బోస్టన్ హార్బరు మీద ఆఫీసు పెట్టాను అని నలుగురికీ తెలియాలి. ఇది ఒప్పుకోకుండా మిగతాదంతా రాయడం మోసం అవుతుంది. మా ఉద్యోగులు వెస్ట్‌బరో, ష్రూస్‌బరీల నుంచి రైల్లో సౌత్ స్టేషన్ కి వచ్చి, అక్కణ్ణుంచి గాలిలో నడిచి, రోజూ మూడు గంటలు మా ఫొటో కోసం ఖర్చుపెట్టారు.

సరే, ముచ్చటపడి ఎక్కువ డబ్బు పెట్టాను, అది నా ఖర్మ. వాదన అది కాదు. 22 డాలర్లకీ 62 డాలర్లకీ తేడా నలభై. ఆ నలభై దేనికి? గోడలు రెండుచోట్లా ఒకటే జిప్సమ్ బోర్డు. కార్పెట్ ఒకటే. కంప్యూటర్లకి నీళ్ళు కనపడవు. ఆ తేడాలో సౌత్ స్టేషన్ కి దగ్గర అన్నందుకు కొంత, కొత్త బిల్డింగు కనక కొంత. పెద్ద భాగం మాత్రం నీళ్ళదే. అదే బిల్డింగులో వెనకవైపు గదులు బాగా తక్కువకి ఇచ్చేవాడు, అంచేత నీళ్ళ ధర ఎంతో లెక్క కట్టడం కష్టం కాదు. మరి ఆ నీళ్ళని ఇంటివాడు తయారు చేశాడా?

ఇక్కడ కొంచెం పాతకథ చెప్పాలి. సీపోర్ట్ అని ఇప్పుడు పిలుస్తున్న నేలలో చాలా భాగం నేల కాదు. ఆటుకి బయటపడి, పోటుకి మునిగే బురద మైదానం. పందొమ్మిదో శతాబ్దంలో రాష్ట్ర ప్రభుత్వమూ, కంపెనీలూ కలిసి దాన్ని మట్టితో పూడ్చారు. దాని మీద రేవు గోదాములు, ఉన్ని గోదాములు, రైలు పట్టాలు వచ్చాయి. రైళ్ళు పోయాక పార్కింగ్ లాట్లు మిగిలాయి. 1980ల దాకా ఆ ఒడ్డున ఆఫీసు పెట్టుకుంటానంటే ఊరివాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాట వరసకి కాదు, నిజంగానే. బోస్టన్ చుట్టుపక్కల ఊళ్ళ మురుగు సరిగ్గా శుద్ధి కాకుండానే హార్బరులో కలిసేది. 1982లో విలియం గోల్డెన్ అని, పక్కనున్న క్విన్సీ ఊరికి లాయరు, పొద్దున్నే బీచిలో పరుగెడుతూ కాలికింద ఏదో జెల్లీఫిష్ లాంటిది తగిలిందనుకున్నాడు. కాదు, మనుషుల మలం. ఆయన కోర్టుకెళ్ళాడు. 1988 అధ్యక్ష ఎన్నికల్లో జార్జ్ బుష్, తన ప్రత్యర్థి డుకాకిస్ మసాచుసెట్స్ గవర్నరు కనక, ఈ హార్బరు కంపునే టీవీ ప్రకటనగా వాడుకున్నాడు.

తరవాత కోర్టు తీర్పులు, కొత్త సంస్థ, డీర్ ఐలండ్ మీద శుద్ధి కేంద్రం. లోగాన్ లో విమానం దిగుతుంటే పన్నెండు పెద్ద కోడిగుడ్లు కనబడతాయి చూడండి, అవి ఆ కేంద్రానివే. శుద్ధి చేసిన నీటిని తొమ్మిదిన్నర మైళ్ళ సొరంగంలో సముద్రం లోపలికి పంపడం 2000 సెప్టెంబరులో మొదలైంది. మొత్తం ఖర్చు సుమారు 380 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం కట్టింది ఫెడరల్ ప్రభుత్వం కాదు, ఆ మురుగు వ్యవస్థలో ఉన్న ఊళ్ళ జనం, నీళ్ళ బిల్లుల్లో. ఫ్రేమింగ్‌హామ్ ఆ ఊళ్ళలో ఒకటి.

అంటే చూడండి. మూడు నెలలకోసారి మా ఇంటికొచ్చే మురుగు బిల్లులో ఏళ్ళ తరబడి ఈ హార్బరు కడగడానికి నేనూ డబ్బు కట్టాను. మా పక్కింటి ముసలి పోర్చుగీసు ఆవిడా కట్టింది. శుభ్రమయ్యాక, ఆ నీళ్ళు చూసినందుకు నా దగ్గర నలభై డాలర్లు అదనంగా పుచ్చుకున్నది ఇంకొకడు. ఒకే నీటికి రెండు బిల్లులు. దీనికి విమానాశ్రయం దాకా వేసిన టెడ్ విలియమ్స్ టనెల్ (1995), సిల్వర్ లైన్ (2004), అదే ఏడాది తెరిచిన కన్వెన్షన్ సెంటరు కలపండి. అన్నీ ప్రజల డబ్బే. 2010లో మేయర్ మెనినో ఆ చోటుకి ఇన్నోవేషన్ డిస్ట్రిక్ట్ అని పేరు పెట్టాక అద్దెలు ఆగలేదు. దగ్గర్లోనే ఫోర్ట్ పాయింట్ గోదాముల్లో ఏళ్ళ తరబడి స్టూడియోలు పెట్టుకున్న చిత్రకారులు ఒక్కొక్కరే సర్దుకున్నారు. 2016లో జనరల్ ఎలక్ట్రిక్ ని ఇక్కడికి తేవడానికి రాష్ట్రమూ ఊరూ కలిసి 14 కోట్ల 50 లక్షల డాలర్ల దాకా రాయితీలు ఇస్తామన్నాయి. మూడేళ్ళు తిరిగేసరికి ఆ కంపెనీ పన్నెండంతస్తుల బిల్డింగు కట్టట్లేదని చెప్పి, రాష్ట్రానికి 8 కోట్ల 70 లక్షలు తిరిగి ఇస్తానంది. ఇచ్చింది, పోనీండి. అంత పెద్దవాళ్ళకి లీజులోంచి బయటపడే దారులు ఉంటాయి. చిన్నవాళ్ళకి వ్యక్తిగత పూచీ ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఒడ్డు పూర్తిగా ఇంటివాడిది కాదని చెప్పే చట్టం ఒకటి ఈ రాష్ట్రంలో ఉంది, చాలా పాతది. 1640లలో ఇక్కడి కాలనీ ప్రభుత్వం ఆటు గీత దాకా నేలని ప్రైవేటు వాళ్ళకి ఇస్తూ మూడు హక్కులు మాత్రం జనం కోసం అట్టేపెట్టింది: చేపలు పట్టడం, పక్షుల్ని వేటాడడం, పడవ నడపడం. ఇవాళ్టికీ అంతే. పూడ్చని తీరంలో ప్రైవేటు బురద మీద ఊరికే షికారుకి నడిస్తే తప్పు, చేతిలో గాలం ఉంటే ఒప్పు. (అందుకని షికారుకి గాలం పట్టుకెళ్ళే పెద్దమనుషులు ఉన్నారని ఇక్కడ ఒక జోకు.) పూడ్చిన నేల సంగతి ఛాప్టర్ 91 అనే చట్టం చూస్తుంది. దాని మూలం 1866 నాటిది. అలాంటి నేల మీద ఆఫీసులాంటిది కట్టాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సుకి బదులుగా జనానికి ఏదో ఇవ్వాలి: నీటి వెంట నడిచే దారి, ఖాళీ స్థలం, కింది అంతస్తులో ఎవరైనా రాగలిగే చోటు. బోస్టన్ లో హార్బర్‌వాక్ అని నలభై మైళ్ళ పైచిలుకు దారి ఉందంటే దాని వెనక ఈ చట్టం బలం చాలా ఉంది. నీటికి 100 అడుగుల లోపల 55 అడుగులు మించి కట్టకూడదని కూడా నిబంధన. ఊరు వేరే హార్బరు ప్లాను వేసుకుంటే దాన్ని సడలించుకోవచ్చు. సడలించుకున్నారు కూడా. అద్దాల గోడ అలాగే లేచింది.

నేను ఆ బిల్డింగులో ఏడాది ఉన్నాక గాని ఇదంతా తెలుసుకోలేదు. తెలుసుకోవలసి వచ్చింది మా అమ్మ వల్ల.

2017 ఎండాకాలంలో అమ్మ వచ్చింది. ఆఫీసు చూపిస్తానని తీసుకెళ్ళాను. పైన పది నిమిషాలు కూర్చుని, "ఈ చల్లటి గదిలో నేనుండలేనురా, కింద నీళ్ళ దగ్గర కూకుంటాను" అంది. కిందకి దింపి, నీటి పక్క దారిలో బెంచీ మీద కూర్చోబెట్టి, ఫోను మాట్లాడడానికి పైకి వచ్చాను. ఇరవై నిమిషాల తరవాత దిగేసరికి సెక్యూరిటీ అతను ఆవిడ ముందు నిలబడి ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడుతున్నాడు. ఎవరి కోసం వచ్చారు, ఈ బిల్డింగులో ఎవరితో పని అని అడుగుతున్నాడు. ఆవిడ నేత చీర, కాళ్ళకి హవాయి చెప్పులు, ఒళ్ళో స్టీలు డబ్బా. ఇంగ్లీషు రాదు. నన్ను చూసి అడిగింది:

"ఏటంటాడ్రా ఈయన?"

"ఏం లేదమ్మా, నువ్వు నాతో వచ్చావా అని."

"సముద్రం కాడ కూకోడానికి ఎవులతోనో రావాలేటి? మన బీచిలో ఎవులైనా ఇలాగ అడుగుతారా?"

నేను నా బ్యాడ్జీ చూపించాను. అతను సారీ చెప్పి వెళ్ళిపోయాడు. నన్ను ఇన్నేళ్ళుగా బాధపెడుతున్నది అతని ప్రశ్న కాదు, నా బ్యాడ్జీ. ఆ బెంచీ జనానిదని అక్కడే చిన్న బోర్డు ఉంది, తరవాత చూశాను. ఆవిడ అక్కడ కూర్చోడానికి నేను అద్దె కట్టే వాణ్ణి కానక్కర్లేదు. మా అమ్మకి ఉన్న హక్కుని నేనే నా బ్యాడ్జీతో సిఫార్సుగా మార్చేశాను. అదే ఏడాది చివర్లో బోస్టన్ గ్లోబ్ పత్రిక ఈ ఊళ్ళో జాతి వివక్ష గురించి వరసగా రాసిన వ్యాసాల్లో, అంత ప్రజాధనంతో కొత్తగా పుట్టిన సీపోర్ట్ ఎంత తెల్లగా ఉందో చూపించింది. మధ్యాహ్నం సలాడ్ల లైన్లో మన గోధుమరంగు ముఖాలు బాగానే కనిపించేవి. ఆరు దాటాక మనమంతా రైలెక్కేసేవాళ్ళం.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 2018 జనవరి 4న తుపాను, పోటు కలిసి వచ్చి బోస్టన్ లో నీటిమట్టం 1978 నాటి రికార్డుని దాటింది. సీపోర్ట్ వీధిలో పెద్ద చెత్త డబ్బా పడవలా తేలుతూ పోయింది, ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. మా బిల్డింగు కింది గరాజ్ లోకి నీళ్ళు వచ్చాయి. నాలుగు రోజులు ఆఫీసు మూత. ఆ నాలుగు రోజులకీ అద్దె తగ్గదని లీజులో ఉంది. ఏడాది చివర నీళ్ళు తోడించిన ఖర్చులో మా వాటా కూడా వచ్చింది. పూడ్చిన బురద మీద కూర్చున్నామన్న సంగతి సముద్రం మర్చిపోలేదు. లీజు రాసిన వాళ్ళూ మర్చిపోలేదు. మర్చిపోయింది మేమే. 2020 మార్చిలో అందరం ఇళ్ళకి వెళ్ళిపోయాం. 2021 జూన్ దాకా, పదిహేను నెలలు, ఎవరూ చూడని సముద్రానికి అద్దె కట్టాం. నేను ఇంటి మీద అప్పు తీసుకున్నాను. "పళ్ళ డాక్టరు పైన ఎంతకాలం" అన్న భాగస్వామికీ నాకూ ఇప్పుడు మాటల్లేవు. మేం మళ్ళీ రూట్ 9 మీదే ఉన్నాం, తొమ్మిది మందిమి.

మీరు అనొచ్చు: నష్టపోయావు కనక అంటున్నావు, ద్రాక్ష పుల్లన. ఆ పార్కింగ్ లాట్ల బదులు ఇవాళ వేలమందికి ఉద్యోగాలున్నాయి, ఊరికి పన్ను వస్తోంది, సముద్రం పక్కన జనం నడుస్తున్నారు, ఇంకేం కావాలి అని. నిజమే. పార్కింగ్ లాట్ల మీద నాకు ప్రేమ లేదు. ఒడ్డున ఆఫీసులు కట్టొద్దని నేననడం లేదు. కడిగింది జనం, పూడ్చింది జనం, దారులు వేసింది జనం. మరి దాని విలువ పెరిగినప్పుడు జనానికి రావలసింది ఒక బెంచీ, దాని పక్కన ఒక బోర్డేనా? పైగా ఆ బెంచీ మీద కూర్చున్న ముసలావిడని కూడా ఎవరమ్మా నువ్వు అని అడగాలా?

వైజాగ్ మాట ఇప్పుడు ఎత్తక తప్పదు, ఎందుకంటే ఈ అద్దాల ఫొటోలు అక్కడికి పంపేది మనమే. మన సభల్లో ఎవరో ఒక మంత్రిగారు వచ్చి విశాఖని ఇంకో సింగపూర్, ఇంకో బోస్టన్ చేస్తామన్నప్పుడు లేచి చప్పట్లు కొట్టేదీ మనమే. నేనూ కొట్టాను. 2025 ఏప్రిల్ లో రాష్ట్ర మంత్రివర్గం ఋషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు టీసీఎస్ కి ఎకరం 99 పైసలకి ఇచ్చింది. ఆ కొండ ఒడ్డు కాదు, ఒప్పుకుంటాను. ఉద్యోగాలు రావాలి, అదీ ఒప్పుకుంటాను. అక్కడ ఉద్యోగం దొరక్కే కదా నేను విమానం ఎక్కింది. కాని ఆ కొండ విలువలో సముద్రం వాటా ఎంతో అందరికీ తెలుసు. ఉద్యోగాలు ఎన్ని అని అడిగారు, మంచిదే. కొండ మీంచి నీళ్ళ దాకా మామూలు మనిషి నడిచే దారి ఎక్కడ అని ఎవరైనా అడిగారా? 2019 తీర మండల నోటిఫికేషను, జనసాంద్రత ఎక్కువున్న పల్లెటూరి తీరంలో, కట్టకూడని మేరని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకి తగ్గించింది. ఆ మిగతా నూట యాభై మీటర్లలో ఇవాళ వలలు ఆరేసుకుంటున్న వాళ్ళున్నారు. రేపు అక్కడ అద్దం లేస్తే, ఆ ముందు బెంచీ అయినా ఉంటుందా? బోర్డయినా?

పోర్టు బయటి హార్బరు కోసం 1970లలో సముద్రంలోకి గోడలు కట్టినప్పుడు, ఉత్తరానికి కదిలే ఇసక ఆగిపోయింది. అప్పట్నుంచీ రామకృష్ణా బీచికి ఇసక తవ్వి తెచ్చి పొయ్యాల్సి వస్తోంది. మా నాన్న జీతం ఆ పోర్టుదే, కనక నేను దాన్ని తిట్టను. కాని మనం ఒడ్డున చేసే ప్రతి పనికీ ఎక్కడో ఎవరో బిల్లు కడతారన్న సంగతి వన్‌టౌన్ వాళ్ళకి చట్టాలు చదవకుండానే తెలుసు. బోస్టన్ నించి ఏదైనా పట్టుకెళ్ళాలంటే అద్దాలు కాదు, ఛాప్టర్ 91 పట్టుకెళ్ళండి. లొసుగులు తీసేసి మరీ పట్టుకెళ్ళండి: నీటికీ గోడకీ మధ్య దారి ఉండాలి, కింది అంతస్తు ఎవరికైనా తెరిచి ఉండాలి, ఇవి లీజులోనే రాసి ఉండాలి, అద్దెకున్న వాడి లీజులో కూడా. అది చూస్తే వాడికైనా తెలుస్తుంది తను ఎవరి నీళ్ళు చూస్తున్నాడో.

ఇక మన కుర్రాడి సంగతి. వ్యక్తిగత పూచీ తీసేయించుకో అన్నాను. నీళ్ళొస్తే అద్దె ఆగేట్టు ఒక వాక్యం రాయించుకో అన్నాను. నీటి పక్క దారి గురించి లైసెన్సులో ఏం రాసుందో అడిగి కాపీ తెప్పించుకో అన్నాను. మూడో దానికి బ్రోకరు ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడట. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు.

"అంకుల్, పూచీ తియ్యరట గాని సగానికి తగ్గిస్తారట. వెనకవైపు గదులు తీసుకుంటే చదరపు అడుగుకి పద్దెనిమిది డాలర్లు తక్కువట. కాని వ్యూ ఉండదు, ఎదురు బిల్డింగు గోడే."

"కిందికి దిగితే నీళ్ళు ఎంత దూరం?"

"ఒక అరవై అడుగులేస్తే వచ్చేస్తాయి."

"వెనకవైపే తీసుకో. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని అందర్నీ కిందకి తీసుకెళ్ళు. బ్యాడ్జీలు పైనే పెట్టి వెళ్ళండి."

"ఎవరైనా అడిగితే?"

గరాజ్ లో ఒక గాలం ఉంది, కావలిస్తే వచ్చి తీసుకెళ్ళమన్నాను.